బండి ఱ

పుదుపేటలో దాన్ని తూకానికి అమ్ముతున్నారు.
ఇనుముకి ఒక ధర, అల్యూమినియానికి ఒక ధర,
అరవై ఏళ్ళకి మాత్రం ధర లేదు.

లాంబ్రెట్టా. మద్రాసు రాష్ట్రం నాటి నంబరు.
సీటు లేదు, ఒక పక్క డోరు లేదు.
హెడ్‌లైటు గుంటలో ఎవరో దాచి మరిచిపోయిన
సున్నం డబ్బా, గట్టిపడి.

పెరంబూరు దాకా ట్రాలీలో తెచ్చుకున్నాను.
పెయింటరు ఢిల్లీబాబు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు,
పెళ్ళిచూపులకొచ్చి వంక వెతికేవాడిలా.
"నాలుగు కోట్లు కొడితే అద్దమే టీచరమ్మా,
మొహం చూసుకోవచ్చు."
నా మొహం నాకు ఇంట్లోనే ఉంది.
ఇక్కడ చూడాల్సింది వేరేవాళ్ళది.

ఎడమ మోకాలు రాసుకుని రాసుకుని
ఆకుపచ్చ పోయి, దాని కింది ఎరుపు పోయి
ఇనుము నున్నగా తేలిన చోటు.
అడుగు రేకు మీద ఒక చదరం,
అక్కడొక్కటే రంగు నిన్న వేసినట్టుంది:
ఏదో బరువు, రోజూ అదే చోట
ఎండ తగలనివ్వకుండా కూర్చుని ప్రయాణించింది.
ముందు రేకు మీద తెల్ల రంగుతో, చేతిరాత:
"...ణీ ముద్రాక్షరశాల."
వాణి, రుక్మిణి, కల్యాణి, ఎవరైనా కావచ్చు.
మొదటి అక్షరాల్ని ఏదో గోడ తినేసింది.

మెకానిక్ ఏళుమలై అరవంలో ఒక్కటే మాటన్నాడు:
ఇంజనుకి ఆయుష్షు పోద్దాం,
ఒంటికి వయసు ఉండనీ.

"తుప్పు వదలగొడతా" అని బడిలో పిల్లల్ని బెదిరిస్తుంటాను.
ఇంటికొచ్చి తుప్పునే బతిమాలాను:
ఉన్నంత మేర ఉండు, ఇంక తినకు.
పసిబిడ్డకి పోసినట్టు సబ్బునీళ్ళు,
పాత చీర ముక్కతో అవిసె నూనె.
ఇసక కాయితాన్ని వాకిట్లోకి రానివ్వలేదు.
ట్యాంకులో మాత్రం
చింతపండు పులుసు పోసి, గులకరాళ్ళు వేసి
ఇద్దరం చెరో వైపూ పట్టుకుని కుదిపాం.
మూడో రోజుకి వచ్చిన నీళ్ళు కాఫీ రంగు.
ఏళుమలై రింగులు మార్చాడు, క్లచ్ కేబుల్ మార్చాడు,
మాగ్నెటో విప్పి, దేవుడి సామాను తుడిచినట్టు తుడిచాడు.

లేని డోరుకి కొత్తది దొరికింది,
తెల్లగా, సిగ్గులేకుండా.
ఢిల్లీబాబు ఇంకోసారి వచ్చాడు.
"పాత రంగు కలుపుతాను, తుప్పు కూడా గీసిస్తాను,
ఎవడూ కనిపెట్టలేడు."
గీయగలడు కూడా, చెయ్యి మంచిది.
వద్దన్నాను.
దాని వయసేదో అదే సంపాదించుకుంటుంది.
ఆ ఆదివారం అతను నాతో మాట్లాడలేదు.

సామాన్ల పెట్టె మూత బిగుసుకుపోయింది.
స్క్రూడ్రైవరు పెట్టి లేపితే
ఒక ప్లగ్ స్పానరు, మసి పట్టిన గుడ్డ,
గుడ్డ మడతలో
గోరంత సీసపు ముక్క.
చివర ఏదో చెక్కి ఉంది. తిప్పి చూశాను, మళ్ళీ తిప్పాను,
ఏ భాషా కాదు.

అప్పుడు హ్యాండిలు అద్దం ముందు పెట్టాను.

ఱ.

బండి ఱ.
గుఱ్ఱానికీ ఎఱుపుకీ ఒకప్పుడు తప్పనిసరి.
వర్ణమాల పటంలో చివరి గడిలో ఉంటుంది,
పిల్లలు అడిగితే
"అది వాడరులే, ముందుకు పదండి" అంటాను.
ఇరవై రెండేళ్ళుగా అంటున్నాను.
అడుగు రేకు మీది చదరం అక్షరాల పెట్టెది అయుంటుంది.
ఏ మలుపులోనో పెట్టె ఒరిగి
ఇదొక్కటీ జారి పడితే
ఆయన ఏరి గుడ్డలో చుట్టుకున్నాడేమో.
లేకపోతే వాడుక పోయిందని ముందే పక్కన పెట్టేశాడేమో.
అడగడానికి ఎవరూ లేరు,
ఆ "ణీ" తప్ప.

పదకొండో కిక్కుకి దగ్గింది.
పన్నెండుకి వీధంతా నూనె పొగ,
మేడ మీద బట్టలారేసే ఆవిడ తిట్లు,
ఏళుమలై నవ్వు. ఢిల్లీబాబు కూడా
గుమ్మంలోంచి చూస్తూ నిలబడ్డాడు,
నేను చూడగానే లోపలికెళ్ళాడు.

సీసపు ముక్కని బీరువాలో పెట్టమన్నారు.
గుడ్డ కొత్తది చుట్టి పెట్టెలోనే వదిలేశాను.
వదులుగా చుట్టానో ఏమో,
మూర్ మార్కెట్ దాటాక ప్రతి గుంటలోనూ
స్పానరుకి తగిలి
టంగ్ మంటుంది.